దశబంధం లేని దానం

పాతబస్తీ బోనాల మర్నాడు ఘటాల ఊరేగింపు కదిలితే లాల్‌దర్వాజ సింహవాహిని, హరిబౌలి అక్కన్న మాదన్న గుళ్ళ ఘటాలతో పాటు ఉప్పుగూడ మహంకాళి ఘటమూ అందులో కలుస్తుంది. ఆ రోజుల్లో చందాకు కొదవుండదు. తొట్టెలలు, దీపాల తోరణాలు, ఫలహారం బండి, పోతరాజుల వీరంగం, అన్నీ నిండుగా ఉంటాయి. ఏ గుడికైనా అసలు పరీక్ష ఆ తర్వాతి నెలల్లో వస్తుంది. కప్పు కారితే ఎవరు చూడాలి, కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, మామూలు మంగళవారం పొద్దున దీపం ఎవరు పెట్టాలి? పండుగకు ఇచ్చే చెయ్యి మరమ్మతుకు రాదు. ఈ సంగతి ఏ గుడి కమిటీని అడిగినా చెబుతుంది, మసీదు కమిటీని అడిగినా చెబుతుంది.

అదే ఉప్పుగూడ స్టేషన్లో ఎం.ఎం.టి.ఎస్. బండెక్కితే ఫలక్‌నుమా–లింగంపల్లి మార్గంలో హైటెక్ సిటీ చేరొచ్చు. అక్కడి అద్దాల మేడల్లో రోజూ జరిగే పనికి ఆధారమైన సాఫ్ట్‌వేర్‌లో చాలా భాగం దానంగా వచ్చిందే. దానికీ ఈ చిక్కే ఉంది. ఊరకే ఇచ్చినవాడు, ఇచ్చినదాన్ని జీవితాంతం బాగుచేస్తూ ఉండాలా? చూడ్డానికి కంప్యూటర్ల గొడవలా ఉన్నా ఇది పాత ధర్మసందేహం. మన స్మృతికారులూ, ముస్లిం ధర్మశాస్త్రమైన ఫికా పండితులూ కూడా దీన్ని గట్టిగా తర్కించారు.

ముందు ఆ పనిముట్ల సంగతి. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళెవరూ మొత్తం తామే రాయరు. తేదీలు లెక్కగట్టే ముక్క, ఫొటో సైజు తగ్గించే ముక్క, రహస్యంగా సందేశం పంపే ముక్క, ఇలా ఎవరో రాసి ఉచితంగా పెట్టిన మాడ్యూళ్ళను తెచ్చి జోడించుకుంటారు. ఆ మాడ్యూళ్ళను ఒక పద్ధతిలో కూర్చి, ప్యాకేజీగా కట్టి, ఇంకో కంప్యూటర్లో సరిగ్గా దించే పనిముట్లు వేరే ఉంటాయి. పెర్ల్ భాషకు మేక్‌మేకర్, పైథాన్‌కు సెటప్‌టూల్స్, రూబీకి రూబీజెమ్స్, సి భాషలో రాసినవాటికి ఆటోకాన్ఫ్. వీటికి పేరు రాదు. వీటితో కట్టిన ప్యాకేజీ చక్కగా దిగినంతకాలం ఇవి ఉన్నాయన్న సంగతి కూడా ఎవరికీ గుర్తుండదు. వీటిని చూసుకునేది చాలాసార్లు ఒక్క మనిషి, మహా అయితే నలుగురైదుగురు.

2025 మార్చి 24న సెటప్‌టూల్స్ 78వ వెర్షన్ వచ్చింది. అందులో ఒక మార్పు మరీ చిన్నది. ప్యాకేజీ వివరాలు రాసే ఫైల్లో ‘డిస్క్రిప్షన్’, ‘ఫైల్’ అన్న రెండు మాటల మధ్య ఇకమీదట అడ్డగీత పెడితే చెల్లదు, అండర్‌స్కోర్ పెట్టాలి. అడ్డగీత పద్ధతి పోతుందని ఆ పనిముట్టు చాన్నాళ్ళుగా హెచ్చరిక చూపిస్తూనే ఉంది. ఎవరూ చదవలేదు. (చదవరు కూడా. తెర మీద బిలబిలా పారే ఆ వరసలను చూసి చాయ్ తాగడానికి లేవడం ఆ వృత్తిలో ఆచారం.) దీనికి తోడు పిప్ అనే ఇన్‌స్టాలర్‌కు ఒక అలవాటుంది. ఎంత పాత ప్యాకేజీనైనా కూర్చేటప్పుడు, ఫలానా వెర్షనే కావాలని ప్రత్యేకంగా చెప్పకపోతే, అప్పటికి వచ్చిన సరికొత్త సెటప్‌టూల్స్‌నే తెచ్చుకుంటుంది. దాంతో ఏళ్ళుగా ఎవరూ ముట్టుకోని ప్యాకేజీలు ఆ రోజు ఉన్నట్టుండి దిగనన్నాయి. వాటి మీద ఆధారపడ్డవీ ఆగాయి. ఫిర్యాదులు వెల్లువెత్తాయి. అదే రోజు 78.0.2 విడుదల చేసి ఆ మార్పును వాయిదా వేశారు.

ఒక్క అడ్డగీత. దాన్ని మార్చే హక్కు నిర్వాహకులకు ఉందా? ఉంది, పనిముట్టు వాళ్ళ చేతిలోనే ఉంది. మార్చకుండా ఉండాల్సిన బాధ్యత ఉందా? అక్కడే పేచీ.

ఈ ఉచిత కోడుకు జతగా వచ్చే లైసెన్సుల్లో దాదాపు అన్నింటిలోనూ ఒక షరతు ఉంటుంది. ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం, పనిచేస్తుందన్న హామీ లేదు, నష్టం వస్తే మాకు సంబంధం లేదు, ఇదీ దాని సారాంశం. దీన్ని లాయర్ల ముందుజాగ్రత్త అని కొట్టిపారేస్తారు గానీ ధర్మశాస్త్రం చదివినవాళ్ళకు ఇది ఎరిగిన విషయమే. ఇచ్చేవాడు తన హక్కు వదులుకుని, పుచ్చుకునేవాడికి హక్కు కలిగించడం దానం. చెరువు, బావి, తోట, సత్రం లాంటివాటికి పుచ్చుకునేవాడు ఫలానా అని ఒకడుండడు. అందుకని వాటిని వేరే తరగతిగా పెట్టి ఉత్సర్గం అన్నారు. సకల ప్రాణుల కోసమని సంకల్పం చెప్పి వదిలేశాక ఆ బావి తవ్వించినవాడిది కాదు. అందరిలో ఒకడిగా అతనూ వచ్చి నీళ్ళు తోడుకోవచ్చు, అంతకుమించి అధికారం లేదు. లైసెన్సు చేసేది సరిగ్గా ఇదే.

అధికారం వదిలాక అతని మెడకు తాడు మాత్రం ఎందుకుండాలి? ఉండకూడదనే చెప్పాలి. అయితే రెండు పనులు మాత్రం చేయకూడదు. మొదటిది, ఇచ్చినదాన్ని వెనక్కి లాక్కోవడం. దత్తాపహారం ఎంత దోషమో చెప్పడానికి భాగవతం దశమస్కంధంలో నృగమహారాజు కథ ఉంది. దానమిచ్చిన ఆవు దారితప్పి తిరిగి రాజుగారి మందలో కలిసింది. ఆయన చూసుకోక దాన్నే మరొకరికి ఇచ్చాడు. తెలిసి చేసింది కాకపోయినా ఊసరవెల్లి జన్మ తప్పలేదు. 2016 మార్చిలో అజెర్ కొచులు అనే ప్రోగ్రామర్ ఒక పేరు విషయమై పేచీ వచ్చి, జావాస్క్రిప్ట్ ప్యాకేజీల భాండాగారం ఎన్‌పీఎం నుంచి తన 273 మాడ్యూళ్ళనూ తీసేసుకున్నాడు. అందులో ‘లెఫ్ట్‌ప్యాడ్’ అనేది పదకొండే పంక్తులు, మాటకు ఎడమవైపు ఖాళీలు నింపుతుంది, అంతే. దాని మీద నిలబడ్డ వేలాది ప్రాజెక్టులు కుప్పకూలాయి. ఎన్‌పీఎం దాన్ని తిరిగి నిలబెట్టి, ఆ తర్వాత నియమం మార్చింది: గడువు దాటాక, ఇతరులు వాడుతున్న ప్యాకేజీని ఇష్టమొచ్చినట్టు వెనక్కి తీసుకోవడం కుదరదు. ధర్మశాస్త్రం చదవకుండానే కంపెనీ అక్కడికి చేరింది.

రెండోది, ఇచ్చినదాంట్లో విషం కలపడం. 2022 జనవరిలో మరాక్ స్క్వైర్స్ తన ‘కలర్స్’, ‘ఫేకర్’ మాడ్యూళ్ళను తానే చెడగొట్టాడు. పెద్ద కంపెనీలు తన పనిని ఉచితంగా వాడుకుంటున్నాయన్నది అతని కోపం. కోపంలో న్యాయముంది, చేసిన పనిలో లేదు. చెరువు కట్టించినవాడు ఊరొదిలి పోవచ్చు, పోతూ కట్ట తెంపకూడదు.

ఈ రెండూ తప్ప దాతకు వేరే బాధ్యత లేదంటే ఒక వర్గం వెంటనే గీతను తెస్తుంది. పని మీదే నీకు అధికారం, ఫలం మీద లేదు కదా, మరి డబ్బు ఊసెందుకంటుంది. కార్పొరేట్ సదస్సుల్లో ఓపెన్ సోర్స్‌ను నిష్కామకర్మగా పొగిడే ప్రసంగాలు వినపడుతూనే ఉంటాయి. ఆ పొగడ్తను కాస్త అనుమానంగా చూడటం మంచిది. ఫలం ఆశించకు అన్నది పని చేసేవాడు తనకు తాను చెప్పుకోవాల్సిన మాట. ఆ పని వల్ల లాభపడ్డవాడు చేసినవాడికి చెప్పే మాట కాదది. చెబితే అది వేదాంతం కాదు, బాకీ ఎగ్గొట్టడం.

గీతలోనే ఆ మాట చెప్పిన రెండో అధ్యాయం దాటగానే మూడో అధ్యాయం వస్తుంది. అక్కడ యజ్ఞచక్రం గురించి చెబుతూ, దేవతలు ఇచ్చినవి అనుభవిస్తూ తిరిగి ఏమీ ఇవ్వనివాణ్ణి కృష్ణుడు దొంగ అన్నాడు. మెతక మాట వాడలేదు. చక్రాన్ని తిప్పకుండా కూర్చుని తినేవాడి బతుకు వ్యర్థమని కూడా అన్నాడు. రెండో అధ్యాయం ఇచ్చేవాడికి, మూడోది వాడుకునేవాడికి. మన కార్పొరేట్ గీతాపఠనం రెండు దగ్గర ఆగిపోయింది.

ఆగిపోతే ఏమవుతుందో లోకం 2024లో చూసింది. ఫైళ్ళను కుదించే ఎక్స్‌జెడ్ అనే పనిముట్టు దాదాపు ప్రతి లినక్స్ యంత్రంలోనూ ఉంటుంది. ఫిన్లండ్‌కు చెందిన లాసే కాలిన్ దాన్ని ఏళ్ళుగా దాదాపు ఒంటరిగా, జీతం లేకుండా చూసుకుంటున్నాడు. 2022లో కొన్ని ఖాతాల నుంచి ఒత్తిడి మొదలైంది. కొత్త వెర్షన్ ఎప్పుడు, ఇంత ఆలస్యమేంటి, చేతకాకపోతే ఇంకొకరికి అప్పగించు. అవి దొంగ ఖాతాలేనని తర్వాత చాలామంది నిర్ధారణకు వచ్చారు. తన మానసిక ఆరోగ్యం బాగాలేదనీ, ఇది జీతం లేని సరదా ప్రాజెక్టనీ ఆయన బహిరంగంగానే జవాబిచ్చాడు. అదే సమయంలో జియా టాన్ పేరుతో ఒకరు ఓపిగ్గా, మర్యాదగా సాయం చేస్తూ వచ్చారు. మెల్లగా నమ్మకం సంపాదించి నిర్వాహకుడయ్యారు. ఆ పేరు వెనక ఎవరున్నారో ఇప్పటికీ తేలలేదు.

దొడ్డిదారి ఎక్కడ తెరిచారన్నదే ఇక్కడ గమనించాల్సింది. అందరూ చూసే కోడు భాండాగారంలో దాన్ని నడిపించే తాళంచెవి లేదు. విడుదల కోసం కట్టిన ప్యాకేజీలో మాత్రం ఒక బిల్డ్ స్క్రిప్టు అదనంగా ఉంది. పరీక్షల కోసం పెట్టినట్టు కనిపించే ఫైళ్ళలోంచి విషాన్ని బయటికి తీసి, కూర్చేటప్పుడు లోపల కలిపేది అదే. ఎవరూ చదవని చోటు అదేనని వాళ్ళకు తెలుసు. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్, రిమోట్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తీగ లాగితే డొంక కదిలింది. 2024 మార్చి 29న ఆయన లోకానికి చెప్పాడు. చెడిన వెర్షన్లు 5.6.0, 5.6.1 ఇంకా చాలా సర్వర్లకు చేరకముందే ఆపగలిగారు. ఒక మనిషి అలసటను ఆయుధంగా మార్చిన నేరమిది. ఆ అలసటకు కారణమైన వాడకందార్ల పేరు ఏ చార్జిషీటులోనూ ఉండదు.

మన పెద్దలు ఈ అలసటను ముందే ఊహించారనడానికి సాక్ష్యం రాళ్ళ మీదే ఉంది. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించింది. మంచి చెరువుకు కావాల్సిన పన్నెండు అంగాలు, పనికిరాకుండా చేసే ఆరు దోషాలు, రెండేళ్ళ పాటు వెయ్యి మంది కూలీలు, వంద బళ్ళు, అన్నీ లెక్కగా చెక్కించాడు. అది కట్టడం వైభవం. దానికంటే ఎక్కువ ఆలోచించాల్సింది శాసనాల్లో దశవంధమనీ దశబంధమనీ కనిపించే ఏర్పాటు గురించి. చెరువు కట్టినవాడికీ, బాగుచేసి నిలిపేవాడికీ ఆ చెరువు కింది భూమిలోనో పంటలోనో పదోవంతు లెక్కన ముట్టేది. రాయలసీమలో ఈ దశబంధ ఇనాములు ఇంగ్లీషువాళ్ళ కాలం దాకా సాగాయి. షరతు ఒక్కటే, చెరువును బాగుంచాలి. బాగుంచకపోతే ఇనాము పోతుంది. అంటే చెరువు దానమే, ఎవరైనా వాడుకోవచ్చు. దాని మరమ్మతు మాత్రం ఎవరి దయమీదా వదల్లేదు, నీళ్ళు వాడుకున్న పంట నుంచే తీశారు. దానశాసనాల చివర తరచూ కనిపించే మరో మాట కూడా ఇక్కడికే వస్తుంది: తాను ఇవ్వడం కంటే ఒకరిచ్చినదాన్ని నిలబెట్టడం ఎక్కువ పుణ్యం.

ఉప్పుగూడ నుంచి చార్మినార్ వైపు నడిస్తే ఇదే బుద్ధి ఇంకో మతంలో కనిపిస్తుంది. వక్ఫు చేసిన ఆస్తి దాతది కాకుండా పోతుంది, దైవానిదవుతుంది. చూసుకోవడానికి ముతవల్లీ ఉంటాడు, యజమానిగా కాదు, కాపుగా. దాత రాసిన పత్రంలో ఉంటే ముతవల్లీ ప్రతిఫలం తీసుకోవచ్చు, నమ్మకం చెడగొడితే ఖాజీ అతన్ని తొలగించవచ్చు. హనఫీ న్యాయంలో మరీ గట్టి నియమం ఒకటుంది. వక్ఫు ఆదాయంలో మొదటి ఖర్చు ఆ ఆస్తి మరమ్మతుకే వెళ్ళాలి, దాత ఆ సంగతి రాసినా రాయకపోయినా సరే. పేదలకు పంచేది ఆ తర్వాతే. దయలేని నియమంలా కనిపిస్తుంది గానీ, గోడ కూలాక పంచడానికి ఏమీ మిగలదని తెలిసినవాళ్ళు పెట్టింది. పాతబస్తీలో మసీదుల కింద వరసగా ముల్గీలు (దుకాణాల గదులు) కట్టి అద్దెకివ్వడం వెనకున్న లెక్క ఇదే. గుళ్ళకూ ముల్గీలున్నాయి. దేవాదాయ చట్టంలో సర్వశ్రేయోనిధి అని ఒక ఏర్పాటుంది: రాబడి ఉన్న గుళ్ళ నుంచి వాటా తీసి, రాబడి లేని గుళ్ళ జీర్ణోద్ధరణకు ఇస్తారు. అమలు ఎలా ఉందన్నది వేరే వ్యాసం. ఆలోచన మాత్రం ఖాయంగా సరైనది.

ఓపెన్ సోర్స్ ఉద్యమం మన సంప్రదాయంలోని ఉత్సర్గాన్ని తనకు తెలియకుండానే అందిపుచ్చుకుంది, దశబంధాన్ని మరిచిపోయింది. ఉచితంగా ఇవ్వడానికి ఎంతో పకడ్బందీగా లైసెన్సులు రాసుకున్నారు. నిలబెట్టడానికి ఏమీ రాసుకోలేదు. 2014లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడేనాటికి ఇంటర్నెట్ లావాదేవీలకు ప్రాణమైన ఓపెన్ఎస్ఎస్ఎల్‌కు ఏడాదికి వచ్చే విరాళాలు దాదాపు రెండు వేల డాలర్లని దాని నిర్వాహకుడు స్టీవ్ మార్కెస్ చెప్పాడు. ఆటోకాన్ఫ్‌కు 2012 తర్వాత మళ్ళీ వెర్షన్ రావడానికి 2020 డిసెంబరు దాకా పట్టింది. ఆ విడుదలైనా బ్లూమ్‌బెర్గ్ లాంటివాళ్ళు డబ్బు పెట్టి ఒకరిని కూర్చోబెట్టాకే సాధ్యమైంది.

డబ్బు పుచ్చుకుంటే సేవ మలినం కాదా అనే సంకోచమూ పాతదే. గుడి పూజ మీద బతికే దేవలకుణ్ణి శ్రాద్ధానికి పిలవొద్దని మనుస్మృతి అంటుంది. ఆగమాలు మాత్రం అర్చకుడికి దక్కాల్సింది స్పష్టంగా చెప్పాయి. లోకం ఆగమాలనే పాటించింది, లేకపోతే గుళ్ళలో దీపం వెలిగేది కాదు. జీతం తీసుకునే అర్చకుడి భక్తిని శంకించనివాళ్ళు జీతం అడిగే నిర్వాహకుణ్ణి ఎందుకు శంకించాలి?

తెలుగువాళ్ళకు ఈ దానగొలుసు కొత్త కాదు. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్.టి.ఎస్. పద్ధతిని తయారుచేశారు. ఒక్కో పత్రిక వెబ్‌సైటుకు ఒక్కో సొంత ఫాంటు ఉన్న రోజుల్లో ఆ తెలుగును యూనికోడ్‌లోకి మార్చడానికి నాగార్జున వెన్న ‘పద్మ’ రాశారు. పద్మ కోడును ఆధారం చేసుకుని 2006లో వీవెన్ ‘లేఖిని’ తెచ్చారు. తెలుగు బ్లాగులు రాసిన ఒక తరమంతా ఆ పెట్టెలోనే టైపు చేసింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు ‘పోతన’, ‘వేమన’ ఫాంట్లు ఉచితంగా ఇచ్చారు. ఇంత మంది ఇచ్చినదాని మీద తెలుగు ఇంటర్నెట్ నిలబడింది. ఇందులో ఏ మెట్టుకూ దశబంధం లేదు. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు 57వ వెర్షన్ వచ్చి పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లన్నిటినీ ఒక్కసారిగా పక్కన పెట్టినప్పుడు, ఇలాంటి ఉచిత పనిముట్లు ఎన్నో మళ్ళీ రాసే తీరిక ఎవరికీ లేక అక్కడే ఆగిపోయాయి.

ఒకరు వదిలినదాన్ని ఇంకొకరు ఎలా పట్టుకోవాలో చెప్పడానికి మనకు ఎర్రనకు మించిన ఉదాహరణ లేదు. నన్నయ అరణ్యపర్వంలో ఆపాడు. తిక్కన విరాటపర్వం నుంచి చివరిదాకా రాశాడు. నడుమ మిగిలిన ఖాళీని ఎర్రన పూరిస్తూ, అంకితం తన ప్రభువుకు కాక నన్నయ ప్రభువు రాజరాజనరేంద్రుడికే ఉంచాడు. కవిత్రయంలో ఆయన పేరు మూడోదిగా నిలిచింది. పెర్ల్ లోకంలో మేక్‌మేకర్ కథా ఇలాగే నడిచింది. దాన్ని చూసుకుంటున్న మైకేల్ ష్వెర్న్ 2003లో తానే దాని పని అయిపోయిందని సభలో ప్రసంగించి మరీ చెప్పాడు. బదులుగా వచ్చిన మాడ్యూల్ బిల్డ్ 2007లో పెర్ల్‌లో చేరి, చేతులు మారి, 2015లో 5.22 వెర్షన్‌తో బయటికి వెళ్ళింది. మేక్‌మేకర్ ఇంకా అక్కడే ఉంది, ఎవరో ఒకరు చూసుకుంటూనే ఉన్నారు. ఆ చూసుకునేవాళ్ళకు కవిత్రయం లాంటి గుర్తింపేమీ లేదు.

కొంత కదలిక ఉంది. జర్మనీ ప్రభుత్వం 2022లో ఇలాంటి పనిముట్లను నిలబెట్టడానికి సావరిన్ టెక్ ఫండ్ పెట్టింది. మనదేశంలో బెంగళూరు కంపెనీ జెరోధా 2024 అక్టోబరులో ఏడాదికి పది లక్షల డాలర్లతో ఓపెన్ సోర్స్‌కు నిధి ప్రకటించింది. హైదరాబాదు నగరం సాఫ్ట్‌వేర్ ఎగుమతుల గురించి ఏటా గర్వంగా లెక్కలు చెబుతుంది. ఆ ఎగుమతుల కింద పారే నీళ్ళకు పదోవంతు అడగడం లేదు ఎవరూ, వెయ్యోవంతు చాలు. కంపెనీల్లో ఖర్చుల కాగితం మీద సంతకం పెట్టే అధికారమున్న పాఠకులకు ఒక మనవి: మీ ప్రాజెక్టు ఆధారపడ్డ ప్యాకేజీల జాబితా తెప్పించుకోండి. వాటిని కూర్చే పనిముట్లను ఎవరు చూసుకుంటున్నారో అడగండి. వచ్చే బడ్జెట్‌లో వాళ్ళ పేరు మీద ఒక పద్దు రాయించండి, విరాళాల కింద కాదు, మరమ్మతుల కింద.